మోరోవిండ్: ఓడ దిగిన ఖైదీ కథ



ఇరవై ఏళ్ళు దాటిన కంప్యూటర్ ఆట ఒకటి ఉంది. దాన్ని ఎలా మొదలుపెట్టాలో ఈ పూట చెబుతాను. ఆట పేరు మోరోవిండ్. అమెరికాలోని బెథెస్డా సంస్థ 2002 మే నెలలో విడుదల చేసింది. 'ఎల్డర్ స్క్రోల్స్' అనే వరుసలో ఇది మూడోది. కత్తులు, మంత్రాలు, పాడుబడ్డ కోటలు, తామే దేవుళ్ళమని చెప్పుకునే పాలకులు ఉండే లోకం ఇది. ఇందులో మనం ఒక మనిషిని తయారుచేసుకుని ఆ మనిషిగా బతుకుతాం. ఏ ఊరికి పోవాలో, ఎవరి పని ఒప్పుకోవాలో, ఎవరితో వైరం పెట్టుకోవాలో మనమే తేల్చుకుంటాం. ఇలాంటి వాటిని రోల్ ప్లేయింగ్ ఆటలు అంటారు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'జ్వాలాద్వీపం' లాంటి సీరియళ్ళ కోసం నెల నెలా ఎదురుచూసిన పెద్దవాళ్ళు ఎవరైనా వింటుంటే, ఈ లోకం మీకేమీ కొత్తగా ఉండదు.

అండమాన్ శ్రోతల ముందుకు ప్రత్యేకంగా ఈ ఆటనే తేవడానికి కారణాలున్నాయి. మొదటిది మామూలు సంగతే. ఇవాళ పేరు మోగుతున్న పెద్ద ఆటల్లో చాలా వాటికి వంద గిగాబైట్ల దాకా చోటు కావాలి, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలి. మోరోవిండ్ విడుదలైన రోజుల్లో అడిగింది 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, హార్డ్ డిస్కులో ఒక్క గిగాబైట్ ఖాళీ. అంటే పిల్లల చదువు కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఒకసారి ఎక్కించుకున్నాక ఆడడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి, 2020 ఆగస్టు 10న ప్రారంభించేదాకా మన దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడి ఉండేది. ఆ రోజుల్లో ఒక పాట దించుకోవడానికి ఎంతసేపు కూర్చునేవాళ్ళమో అందరికీ గుర్తుంది. ఇప్పుడు కేబుల్ పోర్ట్‌బ్లెయిర్‌తో ఆగకుండా స్వరాజ్ ద్వీప్‌కు, రంగత్‌కు, లాంగ్ ఐలాండ్‌కు, లిటిల్ అండమాన్‌కు, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు కూడా చేరింది. అయినా, ఒక్కసారి దించుకుంటే మళ్ళీ నెట్ ఊసెత్తని ఆటకు దీవుల్లో ఉండే విలువ దీవుల్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

రెండో కారణం చెబితే అసలు విషయంలోకి వచ్చినట్టే.

ఆట ఓడ అడుగు గదిలో మొదలవుతుంది. మనం ఖైదీ. ఏ నేరం మీద పట్టుకున్నారో చెప్పరు. పక్కనున్న ఇంకో ఖైదీ, జియూబ్ అనేవాడు, మనల్ని నిద్రలేపి పేరు అడుగుతాడు. కాపలావాడు వచ్చి పైకి తీసుకుపోతాడు. ఎదురుగా చెక్కల రేవు, చిత్తడి నేల, దూరంగా ఒక లైట్‌హౌస్. ఆ చిన్న ఊరి పేరు సెయ్డా నీన్. ఆ దీవి పేరు వార్డెన్‌ఫెల్. ఒడ్డునున్న సుంకాల కచేరీలో ముసలి గుమాస్తా మన వివరాలు రాసుకుంటాడు. లోపలి గదిలో ఇంకో అధికారి 87 నాణేలు, ఒక ఉత్తరం చేతిలో పెట్టి, బల్మోరా అనే ఊళ్ళో కయస్ కొసాడెస్ అనే మనిషికి ఆ ఉత్తరం అందజేయమంటాడు. ఆ తర్వాత తలుపు తెరుచుకుంటుంది. ఇక ఎవ్వరూ మన వెంట రారు.

మనది కూడా ఓడల్లో ఖైదీలు దిగిన రేవే కదా. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్‌బ్లెయిర్ రేవుకు వచ్చాడు. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం వాళ్ళను ఈ దీవులకే పంపారు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో కూడా కొందరు ఇక్కడికి వచ్చారు. అప్పటికి సెల్యులర్ జైలు కట్టి పద్దెనిమిదేళ్ళు. వాళ్ళ సంకెళ్ళు నిజమైనవి, వాళ్ళ ఏడుపు నిజమైనది. ఆటలోది కల్పన. ఆ తేడాను పిల్లలకు చెప్పే ఆడించాలి. కానీ ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకో పిల్లవాడికో ఆ మొదటి దృశ్యం చూడగానే, హైదరాబాదులో ఉన్న పిల్లలకు తట్టని ప్రశ్నలు తడతాయి. ఓడ దిగినవాడికి మొదటి రాత్రి తిండి ఎవరు పెట్టారు? భాష రానిచోట దారి ఎవరిని అడిగాడు? ఏ పని దొరికింది? ఖైదీలుగా కాకుండా శ్రీకాకుళం నుంచి, విశాఖ తీరం నుంచి వలలు, పారలు పట్టుకుని బతుకుతెరువుకు వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా ఈ ప్రశ్నలే ఎదుర్కొన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో వందమందికి పదమూడుగురు తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఓడ దిగిన నాటి కథ ఒకటి ఉంటుంది.

మోరోవిండ్ ఆటగాడిని అచ్చంగా ఆ పరిస్థితిలోనే నిలబెడుతుంది. మీరు పరాయివాళ్ళు. ఊరివాళ్ళకు మీ మీద నమ్మకం లేదు, కొందరు మొహం మీదే అంటారు. మీ దగ్గర పనికొచ్చే ఆయుధం లేదు. వేగంగా పరుగెత్తేవాడు, కనిపించినవాటితో కలియబడేవాడు గంట తిరక్కుండా విసిగి వదిలేస్తాడు. అడిగి, విని, రాసుకుని, మెల్లగా నడిచేవాడికి ఆ దీవి తెరుచుకుంటుంది. ఈ ఆటను మధ్యలో వదిలేసినవాళ్ళలో చాలామంది మొదటి గంటలోనే వదిలేశారని నా నమ్మకం. అందుకే ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం ఆ మొదటి గంటకే కేటాయిస్తున్నాను.

ముందు మనిషిని తయారుచేసుకోవడం. జాతులు పది ఉన్నాయి. పుట్టిన నక్షత్రాలు పదమూడు. నేర్పులు ఇరవై ఏడు. కత్తి తిప్పడం, కవచం తొడుక్కుని పోరాడడం, మందులు నూరడం, తాళాలు తీయడం, బేరమాడడం, మంత్రాలు వేయడం అన్నీ ఈ ఇరవై ఏడులో వస్తాయి. వాటిలో ఐదింటిని ముఖ్యమైనవిగా, ఇంకో ఐదింటిని రెండో వరుసవిగా ఎంచుకోవాలి. ముఖ్యమైనవి 30 దగ్గర మొదలవుతాయి, రెండో వరుసవి 15 దగ్గర, మిగిలినవి 5 దగ్గర. జాతిని బట్టి వీటికి కొంత కలుస్తుంది. గుమాస్తా మూడు దారులు చూపిస్తాడు: ప్రశ్నలకు జవాబులు చెప్పి వృత్తి తేల్చుకోవడం, సిద్ధంగా ఉన్న పట్టీలోంచి ఒకటి తీసుకోవడం, సొంతంగా తయారుచేసుకోవడం. మొదటిసారి ఆడేవాళ్ళు సొంతంగా చేసుకోవడమే మంచిది. ప్రశ్నలకు జవాబులు చెబితే సరదాగా ఉంటుంది గానీ, మీకు ఇష్టం లేని నేర్పులు నెత్తిన పడతాయి.

కొత్తవాళ్ళకు నేను చెప్పే మనిషి రెడ్‌గార్డ్ జాతివాడు. పొడవు కత్తి వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. దాన్ని ముఖ్యమైన నేర్పుగా తీసుకుని, యుద్ధాన్ని మీ ప్రధాన రంగంగా పెట్టుకుంటే, ఆ నేర్పు ఏకంగా 50 దగ్గర మొదలవుతుంది. నక్షత్రాల్లో 'లేడీ' తీసుకోండి. అది ఓర్పును, ఎదుటివారిని ఆకట్టుకునే గుణాన్ని 25 చొప్పున పెంచుతుంది. ఓర్పు తొలినాళ్ళలోనే ఎందుకు ఎక్కువగా ఉండాలంటే, మీరు ఒక లెవెల్ ఎక్కిన ప్రతిసారీ మీ ఓర్పులో పదోవంతు ఆరోగ్యం పెరుగుతుంది. తర్వాత ఎప్పుడో ఓర్పు పెంచుకున్నా దాటిపోయిన లెవెళ్ళకు వెనక్కి వెళ్ళి లెక్క కట్టరు. ఒక్క హెచ్చరిక: 'ఆట్రొనాక్' అనే నక్షత్రం మంత్రశక్తిని బాగా పెంచుతుందని ఆశపడి తీసుకోకండి. ఆ నక్షత్రంలో పుట్టినవాడికి నిద్రపోయినా మంత్రశక్తి తిరిగి రాదు. ఆట బాగా తెలిశాక, రెండోసారికి అది దాచుకోండి.

ఇప్పుడు కొత్తవాళ్ళను అందరికంటే ఎక్కువ ఏడిపించే సంగతి చెప్పాలి. కచేరీలో బల్ల మీద ఒక ఇనుప బాకు ఉంటుంది. తీసుకోమని ఆటే సూచిస్తుంది. తీసుకుని, పరుగెత్తుకుంటూ ఊరి బయటికి వెళ్ళి, నీళ్ళ ఒడ్డున కనిపించిన పెద్ద పీతను పొడుస్తారు. బాకు పీత మీద పడుతున్నట్టే కనిపిస్తుంది, కానీ దెబ్బ తగలదు. మళ్ళీ పొడుస్తారు, మళ్ళీ తగలదు. పీత మాత్రం కొరుకుతూనే ఉంటుంది. చివరికి ఆటగాడు చచ్చిపోతాడు. ఆట పాడైపోయిందనుకుని మూసేస్తాడు.

ఆట పాడు కాలేదు. లోపల ఒక లెక్క నడుస్తోంది. కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట 1974లో వచ్చింది. కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ ఆటలకు అదే తల్లి. అందులో కత్తి తిప్పిన ప్రతిసారీ పాచిక వేసి, దెబ్బ తగిలిందా లేదా తేలుస్తారు. మోరోవిండ్ ఆ పాచికను కనిపించకుండా వేస్తుంది. ఆ లెక్క ఇది: ఆ ఆయుధంలో మీ నేర్పు, దానికి మీ చురుకుతనంలో ఐదోవంతు, అదృష్టంలో పదోవంతు కలపాలి. మీ ఆయాసం ఎంతుందో చూసి, ఒంట్లో సత్తువ నిండుగా ఉంటే ఆ మొత్తాన్ని ఒకటింపావుతో, పూర్తిగా అలిసిపోతే ముప్పావుతో గుణించాలి. ఎదుటివాడి తప్పించుకునే నేర్పు అందులోంచి పోతుంది.

మనం ఇందాక తయారుచేసిన రెడ్‌గార్డ్‌నే తీసుకుందాం. పొడవు కత్తి నేర్పు 50. చురుకుతనం 40, అదృష్టం 40. కలిపితే 62. ఎదుటివాడి తప్పించుకునే నేర్పును పక్కన పెడితే, సత్తువ నిండుగా ఉన్నప్పుడు వంద దెబ్బల్లో 77 తగులుతాయి. అదే మనిషి చేతిలో బల్ల మీది బాకు పెట్టండి. పొట్టి కత్తుల నేర్పు అతనికి 10 మాత్రమే. సత్తువ ఉన్నా వందకు 27. పరుగెత్తి అలిసిపోతే 16. అంటే ఆరు పోట్లలో ఒక్కటి తగిలితే గొప్ప. ఇప్పుడు ఆ పీత ఎందుకు గెలిచిందో అర్థమైంది కదా. ఒంట్లో సత్తువను చూపించే ఆకుపచ్చ గీత తెర కింద ఉంటుంది. పోట్లాటకు ముందు అది నిండేదాకా ఆగండి. పరుగు ఆపి నడవండి. మీరు నేర్చుకున్న ఆయుధమే పట్టుకోండి. ఈ మూడు పాటిస్తే ఆటలో సగం కష్టం తీరిపోతుంది.

బాకును ఏం చేయాలంటారా? అమ్మేయండి. ఆ ఊళ్ళో ఆరిల్ అనేవాడి కొట్టు ఉంది. కింద సరుకులు, పైన తాగే చోటు. మీ 87 నాణేలతో, అమ్మగా వచ్చినదాంతో ఒక పొడవు కత్తి, నాలుగు వైద్యపు సీసాలు కొనుక్కోవచ్చు. కానీ కొట్టుకు వెళ్ళేముందు కచేరీ పెరట్లో ఉన్న పీపాలోకి ఒకసారి చూడండి. అందులో ఒక ఉంగరం దొరుకుతుంది. వీధిలోకి రాగానే ఫర్గాత్ అనే పొట్టి మనిషి ఎదురై తన ఉంగరం పోయిందని వాపోతాడు. ఉంగరంలో ఒంటికి బాగు చేసే మంత్రం ఉంది. ఉంచుకుంటే లాభమే. తిరిగి ఇచ్చేస్తే ఫర్గాత్‌కు మీరంటే ఇష్టం పెరుగుతుంది. ఆరిల్ అతని స్నేహితుడు కాబట్టి కొట్లో మీకు మంచి ధర దొరుకుతుంది. ఇవ్వమని గానీ వద్దని గానీ ఆట చెప్పదు. నేనైతే ఇవ్వమంటాను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు డబ్బుకన్నా పరిచయాలే ముందు అక్కరకొస్తాయని మన పెద్దవాళ్ళు చెప్పే కథలన్నిటిలోనూ ఉంది.

ఊరు దాటే ముందు సెయ్డా నీన్‌లో కనిపించిన ప్రతివాళ్ళనూ పలకరించండి. పన్నులు వసూలు చేసే అధికారి ఒకడు కొన్నాళ్ళుగా కనిపించడం లేదన్న మాట ఎవరో ఒకరు అంటారు. లైట్‌హౌస్ దగ్గర ఇంకో కథ ఉంది. ఇంతకన్నా చెప్పను. ఈ ఆటలో మాటలన్నీ దాదాపు చదువుకోవలసినవే. గొంతు వినిపించేది పలకరింపులకు, పోట్లాటలకు మాత్రమే. భాష ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలకు ఇది అడ్డమనిపించవచ్చు. నాకు తెలిసినంతలో దీనికి మంచి మార్గం ఇద్దరు కలిసి ఆడడం. అక్క చదివి తెలుగులో చెబుతుంది, తమ్ముడు మౌస్ పట్టుకుంటాడు. లేదా నాన్న పక్కన కూర్చుని నిఘంటువు తిరగేస్తాడు. పాఠ్యపుస్తకంలో పేరా చదవమంటే విసుక్కునే పిల్లలు, మాంత్రికుడి ఇల్లు ఎక్కడుందో తేల్చుకోవడానికి అంతకు రెండింతల పేరా శ్రద్ధగా చదువుతారు.

ఇక్కడే ఈ ఆటకూ ఇప్పటి ఆటలకూ పెద్ద తేడా వస్తుంది. ఇప్పటి ఆటల్లో ఎక్కడికి వెళ్ళాలో బాణం గుర్తు చూపిస్తుంది. మోరోవిండ్‌లో బాణం లేదు. మనుషులు దారి చెబుతారు. కోట దాటి తూర్పుకు పో, పాత వంతెన వస్తుంది, దాటాక గుట్ట మీదికి చూడు, ఇలా ఉంటుంది వాళ్ళ ధోరణి. విన్నవన్నీ ఆటలోని డైరీలో తేదీల వారీగా చేరుతూ ఉంటాయి. కానీ వందల పేజీలయ్యాక అందులో వెతకడం కష్టం. అందుకని పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఊరి పేరు, మనిషి పేరు, ఏం అడిగాడు, ఎటు వెళ్ళమన్నాడు, ఇవి చాలు. ఆట డబ్బాలో విడుదల చేసినప్పుడు కాగితం మీద అచ్చువేసిన దీవి పటం కూడా ఇచ్చేవారు. అది గోడకు అంటించుకుని ఆడినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. పటం దొరక్కపోతే మీరే గీసుకోండి. గీసుకున్నవాళ్ళకు దీవి ఎక్కువ గుర్తుంటుంది.

బల్మోరాకు రెండు దారులు. ఊరి పక్కన గుట్ట మీద ఏనుగుకన్నా ఎంతో ఎత్తైన పురుగు ఒకటి కాళ్ళు చాపుకుని నిలబడి ఉంటుంది. దాని వీపు డొల్లలో కూర్చుని కొన్ని నాణేలకు వెళ్ళిపోవచ్చు. దాని పేరు సిల్ట్ స్ట్రైడర్. దాని అరుపు విన్నవాళ్ళు మరిచిపోరు. రెండోది కాలినడక, పెలాగియాడ్ మీదుగా. మొదటిసారి నడిచే వెళ్ళండి. దారిలో ఆకాశం నుంచి ఒక మనిషి కేకలు పెడుతూ వచ్చి మీ ముందు పడతాడు. అతని దగ్గర దొరికే కాగితాలు వెంటనే వాడకుండా, సేవ్ చేసుకుని చదవండి.

సేవ్ అన్నాను కాబట్టి కరెంటు సంగతి. దీవుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసిందే. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్ళు ఎఫ్5 మీట అలవాటు చేసుకోవాలి. అది నొక్కితే క్షణంలో సేవ్ అవుతుంది. ఎఫ్9 నొక్కితే అక్కడికే తిరిగి వస్తాం. కానీ ఆ ఒక్క సేవ్ మీదే ఆధారపడకండి. ప్రతి కొత్త ఊళ్ళో వేరే పేరుతో ఇంకొకటి పెట్టుకోండి. ఎందుకంటే ఈ ఆట మిమ్మల్ని ఏ పనీ చేయకుండా ఆపదు. కథకు ముఖ్యమైన మనిషిని చంపేసినా ఆగదు. విధి తాడు తెగిపోయిందని తెర మీద ఒక మాట చూపిస్తుంది, పాత సేవ్‌కు పోతావో, పాడైన లోకంలోనే ఉంటావో నీ ఇష్టమంటుంది. ఆ స్వేచ్ఛ నాకు ఎంతో నచ్చింది. పిల్లలను నమ్మి వదిలేసే ఆటలు తక్కువ.

బల్మోరాలో కయస్ కొసాడెస్‌ను పట్టుకోవడానికి ముందు ఒక తాగుడు దుకాణంలో వాకబు చేయాలి. ఉత్తరం ఇచ్చాక అతను పెద్ద పనేదో అప్పగిస్తాడనుకుంటాం. అతను చేసేదల్లా 200 నాణేలు ఇచ్చి, నువ్వింకా ఈ దీవికి కొత్త, ఏదైనా సంఘంలో చేరి పని నేర్చుకుని రా అనడం. ఆ మాట విని నిజంగానే వెళ్ళిపోండి. ఆ ఊళ్ళోనే యోధుల సంఘం, మాంత్రికుల సంఘం ఉన్నాయి. నాలుగు చిన్న పనులు చేసి రెండు మూడు లెవెళ్ళు ఎక్కాక తిరిగి రండి. లెవెల్ ఎక్కడమంటే మీరు ఎంచుకున్న పది నేర్పుల్లో అన్నీ కలిపి పదిసార్లు పెరుగుదల కనిపించాలి, ఆ తర్వాత ఒకసారి నిద్రపోవాలి. కత్తి తిప్పితే కత్తి, బేరమాడితే బేరం, దూకితే దూకుడు, ఏది వాడితే అదే పెరుగుతుంది.

ఆ దీవి నడిబొడ్డున రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం ఉంది. మనకు బారెన్ ఐలాండ్ ఉంది, పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో. భారతదేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. మనది మనుషులు లేని దీవి, దూరంగా సముద్రం మీంచి చూసి వచ్చేస్తాం. వార్డెన్‌ఫెల్‌లో జనం దాని చుట్టూ కాపురం ఉంటారు. బూడిద గాలులకు మొహం కప్పుకుని నడుస్తారు, పెద్ద పీతల డిప్పలాంటి ఇళ్ళు కట్టుకుంటారు, చెట్లంత ఎత్తైన పుట్టగొడుగుల్లో కాపురాలు పెడతారు. ఆ ఊళ్ళ తిండి, మతం, భయం అన్నీ ఆ కొండ దగ్గరే తేలతాయి. ఈ ఆట రూపకర్తల్లో ముఖ్యుడు కెన్ రోల్‌స్టన్, పాటల్లేని ఆ మంద్రమైన సంగీతం జెరెమీ సోల్‌ది. ఒక దీవిని నేల నుంచి ఆకాశం దాకా ఇంత శ్రద్ధగా ఊహించిన ఆట నేను ఇంకొకటి చూడలేదు.

ఆ కొండ చుట్టూ బూడిద మైదానాల్లో గుడారాల్లో బతికే తెగలు నాలుగున్నాయి. దీవి తమదని, వచ్చినవాళ్ళందరూ ఆక్రమించుకున్నవాళ్ళేనని వాళ్ళ మాట. కథ ఒక దశలో మిమ్మల్ని వాళ్ళ దగ్గరికి పంపిస్తుంది. దూసుకుపోతే కుదరదు. ముందుగా ఆల్డ్‌రూన్ అనే ఊళ్ళో హసూర్ జైన్‌సుబాని అనే వ్యాపారిని కలిసి, గుడారంలోకి ఎలా అడుగుపెట్టాలో, ఎవరికి ఏ కానుక ఇవ్వాలో తెలుసుకోవాలి. అతను కూడా ఊరికే చెప్పడు. అతనికి ఏం ఇష్టమో ఊళ్ళో వాకబు చేస్తే కవిత్వమని తేలుతుంది. కవితల పుస్తకం ఒకటి సంపాదించి పట్టుకెళ్ళాలి. మన దీవుల పిల్లలు ఈ భాగాన్ని నిదానంగా చదవాలని నా కోరిక. జారవాలు, సెంటినలీలు, ఓంగీలు, గ్రేట్ అండమానీయులు మనకన్నా ఎన్ని వేల ఏళ్ళ ముందు నుంచి ఇక్కడ ఉన్నారు! వాళ్ళ కోసం 1956లో రక్షణ నిబంధనలు చేశారు. వాళ్ళ రక్షిత ప్రాంతంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బస్సులోంచి వాళ్ళ ఫొటో తీయడం కూడా నేరమే. ఆటలో కానుక పట్టుకుని వెళ్ళవచ్చు. ఇక్కడ వెళ్ళకుండా ఉండడమే మర్యాద. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి పిల్లలతో మాట్లాడడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో దీనికి పదమూడేళ్ళు దాటిన పిల్లలకు తగినదని రేటింగ్ ఇచ్చారు. కత్తియుద్ధాలు, మత్తుమందుల ప్రస్తావన ఉన్నాయి. బానిసత్వం ఉంది, బానిసలను రహస్యంగా విడిపించే మనుషులు కూడా ఉన్నారు. పక్కన కూర్చుని చూడండి, అడగండి.

ఎక్కడ దొరుకుతుందంటే, స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్ముతున్నారు. గాగ్‌లో కొన్నది ఒకసారి దించుకుంటే మళ్ళీ ఆన్‌లైన్ తనిఖీ లేకుండా పెన్‌డ్రైవ్‌లో దాచుకుని మీ ఇంట్లో కంప్యూటర్ మారినప్పుడల్లా ఎక్కించుకోవచ్చు. డబ్బు పెట్టలేనివాళ్ళకు దీని అన్నలు ఇద్దరున్నారు: 1994లో వచ్చిన అరీనా, 1996లో వచ్చిన డాగర్‌ఫాల్. రెండిటినీ ఆ సంస్థే ఉచితం చేసింది. కొత్త కంప్యూటర్ల మీద మోరోవిండ్ మొరాయిస్తే ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ అనే ఇంజిన్ వాడండి. దాన్ని 2008 నుంచి ఔత్సాహికులు కలిసి రాస్తున్నారు, ఉచితం. విండోస్ మీదే కాదు, లినక్స్ మీద కూడా నడుస్తుంది. ఆట ఫైళ్ళు మాత్రం మీరు కొన్నవే ఉండాలి. బొమ్మలు అందంగా చేసే మార్పులు, కొత్త ఊళ్ళు కలిపే మార్పులు వందల కొద్దీ దొరుకుతాయి. మొదటిసారి వాటి జోలికి వెళ్ళకండి. తయారుచేసినవాళ్ళు ఇచ్చిన దీవిని ఉన్నదున్నట్టు చూడండి.

చివరిగా, ఈ రోజుల్లో ఆట కొంటే దానితోపాటు తర్వాత వచ్చిన రెండు అదనపు భాగాలు, ట్రిబ్యునల్, బ్లడ్‌మూన్ కూడా కలిసే వస్తాయి. దీనివల్ల కొత్తవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. మొదటి రెండు మూడు రాత్రుల్లోనే మీరు నిద్రపోతుండగా నల్ల దుస్తుల హంతకుడు మీద పడవచ్చు. అది ట్రిబ్యునల్ కథ మొదలు. ఆరితేరిన ఆటగాళ్ళ కోసం రాసిన కథ అది, మీరింకా ఒకటో లెవెల్‌లో ఉన్నా వచ్చి తలుపు తడుతుంది. నిద్రపోయే ముందు సేవ్ చేసుకోండి, చేతిలో పొడవు కత్తి ఉంచుకోండి. గెలిస్తే అతని కవచం తీసుకోండి, అది ఎంతో ఖరీదైనది, అమ్మితే చాలాకాలం డబ్బుకు కొదవ ఉండదు. కాపలావాళ్ళకు ఫిర్యాదు చేస్తే, ఎబన్‌హార్ట్ అనే ఊళ్ళో అపెల్లెస్ మేటియస్ అనే మనిషిని కలవమంటారు. ఆ పేరు నోటు పుస్తకంలో రాసుకోండి, కానీ ఇప్పుడే వెళ్ళకండి. కనీసం పదిహేనో లెవెల్ దాటేదాకా ఆ మనిషి ఎదురుచూస్తాడు. మీరు ముందు బల్మోరా పనులు చూసుకోండి.